సెల్లార్‌లో ఏడు కుర్చీలు

మధురానగర్, హైదరాబాద్
11 జూన్ 2000, ఆదివారం

మావయ్యా,

దణ్ణాలూ క్షేమ సమాచారాలూ చివర్లో రాస్తాను. ముందు అసలు సంగతి: నాకు ఉద్యోగం ఖాయమైంది. గురువారం మేనేజరు రామ్మోహనరావు గారు స్వయంగా నియామకపు కాగితం చేతికిచ్చారు. నా పేరు మీద ముద్ర ఒంకరగా పడింది, సిరా ఎక్కువైంది. అమ్మ పోయాక మీ ప్రెస్సులో పెరిగిన కళ్ళు కదా, ముందు అదే చూశాయి. తర్వాతే సంతోషం వచ్చింది.

మేం ఏడుగురం, ఏడుగురమూ చెవిటివాళ్ళమే. అమెరికా ఆసుపత్రుల బిల్లులు చూసి కంప్యూటర్లో ఎక్కించడం పని. ఊళ్ళో ఇంకే కంపెనీ మాలాంటి వాళ్ళని ఒక్కసారిగా ఏడుగురిని తీసుకోలేదట. ఇంటర్వ్యూలకి తిరిగిన రెండు నెలల్లో నాకు వచ్చిన జవాబు ఒక్కటే: "ఫోన్ ఎత్తలేవు కదమ్మా." వాళ్ళ పెదాల మీద ఆ మాట ఎన్నిసార్లు చదివానో. మీ చిన్ననాటి స్నేహితుడు రామ్మోహనరావు గారు మాత్రం ఆ మాట అనలేదు.

ఆఫీసు పంజాగుట్ట చౌరస్తా దగ్గర. వినబడేవాళ్ళు నలభై మంది రెండో అంతస్తులో ఏసీ హాల్లో కూర్చుంటారు. మేం కింద సెల్లార్‌లో. ఎందుకో చెప్పండి చూద్దాం! అక్కడ జనరేటర్ ఉంది. మధ్యలో ఒక ప్లైవుడ్ అడ్డం, అంతే. కరెంటు పోయినప్పుడు అది చేసే మోతకి ఇదివరకు అక్కడ వేసిన వాళ్ళు పది రోజులు కూడా నిలవలేదట. రామ్మోహనరావు గారు బోర్డు మీద రాశారు: "మీకు ఆ బాధ లేదు. ఈ గది మీ కోసమే కట్టినట్టుంది." మేం చేతులు పైకెత్తి ఆడించాం. మా చప్పట్లు అలాగే ఉంటాయి. ఎనిమిదో ఏట జ్వరంలో చెవులు పోయినప్పటినుంచి నా చెవుడు నాకు అడ్డం కాని మొదటి చోటు ఇదే మావయ్యా. అడ్డం కాకపోవడమేమిటి, ఇక్కడ అదే అర్హత!

జనరేటర్ వేసినప్పుడు అరికాళ్ళలోంచి మోకాళ్ళదాకా ఒక వణుకు పాకుతుంది. మీ ట్రెడిల్ అచ్చు మిషను పక్కన నిలబడితే ఉండేదే, దానికంటే పెద్దది. కొత్త మాటలు రాసుకునే నా నోటు పుస్తకంలో దానికి ఇంకా పేరు దొరకలేదు. "కంపనం" చాలా సన్నగా ఉంది.

నా పక్క కుర్చీ జెనీఫర్‌ది. బోరబండ పిల్ల. ఇక్కడి వాళ్ళ పెదాలు చదవడం కష్టంగా ఉంది, మాటలు వేరు. అందుకని చీటీలు రాసుకుంటాం. మొదటి రోజే నాకిచ్చిన చీటీ: "నువ్వు ఆంధ్రా పిల్లవా? మస్తు గుండ్రంగా రాస్తవ్. పెండ్లి పత్రిక లెక్కున్నది."

అత్తయ్యకి నా నమస్కారాలు. ఈ ఉత్తరం చదివి వినిపించండి, కానీ ఊరంతటికీ కాదు.

మీ
మంజూష

—

తణుకు
16 జూన్ 2000

మా ఇంటి కంప్యూటర్ ఆఫీసరమ్మకి,

ఊరంతటికీ చదివి వినిపించాను. ఏం చేస్తావో చేసుకో.

పాలు పోసేవాడికి, మున్సిపాలిటీ గుమాస్తాకి, కార్డులు అచ్చేయించుకోడానికొచ్చిన పెళ్ళికొడుకు తండ్రికి, అందరికీ. ఆ పెళ్ళికొడుకు తండ్రి కళ్ళు తుడుచుకుని, కార్డుల రేటు తగ్గించమన్నాడు. "ఈ గది మీ కోసమే కట్టినట్టుంది" అన్న మాట దగ్గర మీ అత్తయ్య నాగేశ్వరి పొయ్యి మీద పప్పు మాడబెట్టింది. ఆ పప్పే తిన్నాం, పండగలాగే ఉంది.

రామ్మోహన్ చిన్నప్పుడూ అంతే. మా క్లాసులో కాలు వంకర కుర్రాడొకడుంటే వాణ్ణి భుజాన వేసుకుని కాలవ దాటించేవాడు. వాడి ఋణం తీర్చుకోలేం. నువ్వు బాగా చేసి చూపించడమే.

నువ్వు వెళ్ళాక కంపోజింగు బల్ల దగ్గర ఎవరూ లేరు. అందరికీ కంప్యూటర్ మీద చేసే డీటీపీ కావాలి. సీసం అక్షరాలు దుమ్ము పట్టాయి, నేనే కూర్చుని తుడుస్తున్నాను. నీ వణుకుకి పేరు "అదురు". నేల అదిరింది అంటాం కదా. వాడుకో, ఉచితం.

నూనె రాసుకోవడం మానకు. ఆదివారం ఆదివారం రాయడం మానకు.

ఆశీస్సులతో
బుచ్చిబాబు మావయ్య

—

మధురానగర్
25 జూన్ 2000, ఆదివారం

మావయ్యా,

"అదురు" బాగుంది. గదిలో అందరికీ నేర్పాను. ఇప్పుడు జనరేటర్ మొదలవగానే ఎవరో ఒకరు చీటీ మీద "అదురు" అని రాసి పైకెత్తుతారు.

నిన్న నవ్వొచ్చే పని జరిగింది. మాలో నేతన్ అని ఒకతను ఉన్నాడు, సనత్‌నగర్ వాళ్ళు. బొమ్మలు గీస్తాడు. నా బొమ్మ గీశాడు: మెడ మీద తలకి బదులు కీబోర్డు, రెండు జడలు మాత్రం సరిగ్గా పెట్టాడు. కింద "తణుకు మోడల్" అని రాశాడు. రామ్మోహనరావు గారు చూసి గోడకి అంటించారు.

అమీర్‌పేటలో నడిచి వస్తుంటే ప్రతి మెట్టు మీదా ఒకడు కాగితం చేతిలో పెడతాడు. జావా, ఒరాకిల్, నలభై రోజుల్లో అమెరికా. మైత్రీవనం దగ్గర గోడ కనబడదు, అన్నీ బోర్డులే. చదువుకుంటూ నడిచి రెండుసార్లు ఆటో కింద పడబోయాను. హారన్ కొట్టి ఉంటాడు పాపం.

ఒక సంగతి అడగాలి. మధ్యాహ్నానికి తల నొప్పి పుడుతోంది. కణతల దగ్గర పట్టుకారుతో నొక్కినట్టు. నాకొక్కదానికే కాదు, అందరికీ. రోడ్డు మీదికొచ్చి అరగంట నడిస్తే తగ్గుతుంది. ఆదివారం అసలు లేదు, ఇప్పుడు రాస్తుంటే కూడా లేదు. కరెంటు ఎక్కువసేపు పోయిన రోజున ఎక్కువ. జెనీఫర్ మమ్మల్ని పై అంతస్తులో కూర్చోబెట్టమని అడుగుదామంటోంది. "ఇడ గాలి లేదు, సార్‌ని అడుగుదాం" అని చీటీ రాసింది. నేతన్ కూడా సరే అన్నాడు. అందరి తరఫునా రాయాల్సింది నేనే, నా రాత బాగుంటుందని. అడగమంటారా? ఉద్యోగంలో చేరి నెల కూడా కాలేదు కదా అని నాకు జంకుగా ఉంది.

మీ
మంజూష

—

తణుకు
2 జూలై 2000

అమ్మాయ్,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పెద్దవాడిగా చెప్తున్నాను, కోపం తెచ్చుకోకు. అడగొద్దు.

ఎందుకో విను. మీరు మొదటి బ్యాచ్. రామ్మోహన్ పైవాళ్ళని ఒప్పించి, పోట్లాడి మిమ్మల్ని తెచ్చుకున్నాడు. నెల తిరక్కుండా గాలి లేదు, నొప్పి అని అర్జీ పెడితే వాళ్ళేమంటారు? "చూశావా, ఇలాంటి వాళ్ళతో ఇదే గొడవ" అంటారు. మీ ఏడుగురి పనే కాదు, మీ వెనక రాబోయే డెబ్భై మంది పని పోతుంది. వినబడేవాడు గొణిగితే వాడొక్కడే గొణిగినట్టు. నువ్వు గొణిగితే చెవిటివాళ్ళందరూ గొణిగినట్టు. న్యాయం కాదు, నిజమే. కానీ లోకం అలా ఉంది. ఓ ఏడాది నోరు మూసుకుని పని చూపించండి, తర్వాత వాళ్ళే ఏసీ హాల్లో కుర్చీలేస్తారు.

తలనొప్పి కళ్ళ వల్లే. రోజంతా ఆ తెర చూస్తే ఎవరికైనా వస్తుంది. నేను ముప్ఫై ఏళ్ళు ప్రూఫులు చూశాను, నాకు తెలీదా? వెంటనే కళ్ళజోడు వేయించుకో. ఆ జెనీఫర్‌కి కూడా ఇదే చెప్పు.

ఇంతకీ ఈ నేతన్ ఎవరు? జడలు సరిగ్గా పెట్టాడంటే జడలు సరిగ్గా చూశాడన్నమాటే కదా. మీ అత్తయ్య అడగమంది. నేను కాదు.

బుచ్చిబాబు మావయ్య

—

మధురానగర్
16 జూలై 2000, ఆదివారం

మావయ్యా,

కళ్ళజోడు వచ్చింది. పంజాగుట్టలో వేయించాను. జెనీఫర్ చీటీ: "అద్దాలల్ల హెడ్మాస్టర్ లెక్కున్నవ్. హోంవర్క్ తేలే మేడం, కొట్టకుర్రి."

మీరు చెప్పినట్టే అడగలేదు. జెనీఫర్ మాత్రం వదల్లేదు, తనే ఇంగ్లీషులో ఒక కాగితం రాసి సంతకాలకి తెచ్చింది. మీ మాటలు అన్నీ ఆమెకి రాసి చూపించాను, డెబ్భై మంది సంగతి కూడా.  ఆమె కాగితం నాలుగు మడతలు పెట్టి టిఫిను డబ్బా కింద పెట్టుకుంది. "మీ మామ గంత చదువుకున్నోడు, నిజమే చెప్తుండొచ్చు" అని రాసింది. నేతన్‌కి మాత్రం నచ్చలేదు. "గా డెబ్బై మంది ఎవరో నాకెర్క లేదు. గీ ఏడుగురు ఎర్క" అన్నాడు.

కళ్ళజోడు పెట్టుకున్నా నొప్పి తగ్గలేదు. అలవాటవ్వాలేమో. ఇప్పుడు కరెంటు రోజుకి రెండుసార్లు పోతోంది. భోజనాలయ్యాక అందరికీ నిద్ర ముంచుకొస్తోంది. మొన్న జెనీఫర్ కీబోర్డు మీద బుగ్గ పెట్టి నిద్రపోయింది, తెర మీద ఒకటే అక్షరం నాలుగు పేజీలు పడింది. లేపితే లేవదు! భుజం పట్టి కుదిపితే లేచింది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి, పసిపిల్లలాగా. మేమంతా నవ్వాం.

నిన్న నవ్వొచ్చే పని జరిగింది. మాలో నేతన్ అని ఒకతను ఉన్నాడు, సనత్‌నగర్ వాళ్ళు. బొమ్మలు గీస్తాడు. నా బొమ్మ గీశాడు: మెడ మీద తలకి బదులు కీబోర్డు, రెండు జడలు మాత్రం సరిగ్గా పెట్టాడు. రామ్మోహనరావు గారు గోడకి అంటించారు.

ఈమధ్య కొత్త మాటలు దొరకడం లేదు. నోటు పుస్తకం తీస్తే ఎందుకు తీశానో మర్చిపోతున్నాను.

మీ
మంజూష

—

తణుకు
22 జూలై 2000

మంజూషకి,

ఈసారి హాస్యాలేవీ లేవు.

ఆ బొమ్మ కథ నువ్వు నాలుగు వారాల క్రితమే రాశావు. "మాలో నేతన్ అని ఒకతను" అంటూ మొదలుపెట్టి, మళ్ళీ "నిన్న" అని రాశావు! రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. మీ అత్తయ్య కూడా చూసింది. ఒకే మాట మళ్ళీ మళ్ళీ చెప్తోందంటే మనసంతా అక్కడే ఉందన్నమాట అంది. కొత్త మాటలు దొరకవు, నిద్ర, నొప్పి, మరుపు. ఈ లక్షణాలు దేనివో ఏ డాక్టర్నీ అడగక్కర్లేదు.

నేను కులం, మతం పట్టుకు వేలాడేవాణ్ణి కాదు. కానీ ఎంత కష్టపడి సంపాదించిన ఉద్యోగం ఇది! దాన్ని అడ్డం పెట్టుకుని ఇలాంటివి మొదలుపెడితే రామ్మోహన్‌కి నా మొహం ఎలా చూపించను? ఇంకొక్కసారి ఆ పేరు వినిపించిందంటే బస్సెక్కి వచ్చి ఇంటికి తీసుకొచ్చేస్తాను. కంపోజింగు బల్ల ఖాళీగానే ఉంది.

బుచ్చిబాబు

—

మధురానగర్
30 జూలై 2000

మావయ్య గారికి,

ఆ బొమ్మ సంగతి నేను ఒక్కసారే రాశాను. రెండోసారి రాసినట్టు నాకు గుర్తు లేదు. మీరు కల్పించి రాస్తారని కూడా అనుకోలేను. అందుకే భయంగా ఉంది, అంతకంటే ఎక్కువగా కోపంగా ఉంది.

నాకు తల నొప్పి అంటే కళ్ళన్నారు. నిద్ర అంటే ప్రేమన్నారు. వినబడనిది నాకా మీకా? నేతన్ నన్ను చూసేది ఎప్పుడో తెలుసా? నేను కుర్చీలోంచి పడిపోతానేమోనని. పోయిన బుధవారం అందరం వరసగా కక్కుకున్నాం. జెనీఫర్‌కి ఎక్కువ, ఆమె కుర్చీ ప్లైవుడ్‌ని ఆనుకునే ఉంటుంది. క్యాంటీన్ పెరుగన్నం అనుకున్నాం. పైన నలభై మంది అదే తిన్నారు, వాళ్ళకేమీ కాలేదు.

వాన వదలడం లేదు. నీళ్ళు సెల్లార్‌లోకి జారకుండా ర్యాంపు దగ్గర ఇసక బస్తాలు వేసి, షట్టరు నడుం ఎత్తుదాకా దించేస్తున్నారు. వంగి లోపలికి వెళ్ళాలి. జనరేటర్ పొగగొట్టం చివర ఆ షట్టరు దగ్గరే ఉంది, వంగినప్పుడల్లా మొహానికి వేడిగా కొడుతుంది.

నన్ను ఇంటికి తీసుకెళ్ళిపోతానని బెదిరించకండి. ఈ ఉద్యోగం మీరు ఇప్పించారు, కానీ చేస్తున్నది నేను. మీరు ఆ మాట వెనక్కి తీసుకునేదాకా రాయను.

మంజూష

—

తణుకు
4 ఆగస్టు 2000, శుక్రవారం పొద్దున

మంజూ, తల్లీ,

నన్ను తర్వాత తిట్టుకో. ముందు ఇది చదువు.

నిన్న నీ ఉత్తరం వచ్చినప్పుడు షామియానాల వీర్రాజు ప్రెస్సులో ఉన్నాడు, బిల్లు పుస్తకాలు అచ్చేయించుకోడానికి. పెళ్ళిళ్ళకి జనరేటర్లు తిప్పేది వాడే కదా. కోపంలో ఉన్నాను, నీ ఉత్తరం వాడికి చదివి వినిపించాను, నా వైపు మాట్లాడతాడని. షట్టరు మాట దగ్గర వాడు లేచి నిలబడ్డాడు.

"బుచ్చిబాబు గారూ, జనరేటరు లోపలే ఉందా? మనుషులూ లోపలే ఉన్నారా?" అన్నాడు.

"ఆఁ, వాళ్ళకి చప్పుడు బాధ లేదు కదా" అన్నాను.

"చప్పుడు సంగతి ఎవడడిగాడండీ బాబూ! పొగ ఎటు పోతుంది?"

ఏలూరులో ఒక కల్యాణ మండపంలో వాడి దగ్గర పనిచేసేవాళ్ళు ఇద్దరు జనరేటర్ గదిలో పడుకుని లేవలేదట. ఆ పొగలో కంటికి కనబడని విషవాయువు ఉంటుందట. తల నొప్పి, నిద్ర, వాంతి, మరుపు, బుగ్గలు ఎర్రబడ్డం, తర్వాత లేవకపోవడం. నువ్వు రాసినవన్నీ వరసగా చెప్పాడు, నీ ఉత్తరాలు వాడికి ముందే తెలిసినట్టు. నేనవన్నీ చేత్తో పట్టుకుని చదివాను మంజూ. ముప్ఫై ఏళ్ళు ప్రూఫులు చూసినవాణ్ణి.

నిన్నటినుంచీ లైను కలవక, ఇప్పుడే మీ హాస్టలుకి ఫోన్ చేశాను. వార్డెన్ హైమవతి గారు ఎత్తారు. నువ్వు అప్పటికే వెళ్ళిపోయావట. వానకి లైను గరగరలాడుతోంది, సగం వినబడలేదు. సాయంత్రం నువ్వు రాగానే చెప్పమన్నాను: రేపటినుంచి ఆఫీసుకి వెళ్ళొద్దని. రామ్మోహన్‌కి కూడా చేశాను. "అలాగా, సోమవారం మెకానిక్‌ని పిలిచి చూపిస్తాలే, కంగారు పడకు" అన్నాడు. వాడు మాటంటే మాటే.

కాబట్టి సోమవారం దాకా కదలకు. మిగతా ఆరుగురికీ చెప్పు. నా పాత మాట మర్చిపో. అడగండి, అరవండి, అర్జీ పెట్టండి.

మావయ్య

—

మధురానగర్
20 ఆగస్టు 2000, ఆదివారం

మావయ్యా,

ఆసుపత్రిలో మీరు తొమ్మిది రోజులు నా మంచం పక్కన కూర్చున్నారు. మీరు అడగలేదు, నేను చెప్పలేదు. మీరు తణుకు చేరారని అత్తయ్య కార్డు వచ్చింది కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. కాగితం మీదయితే మీ మొహం చూడక్కర్లేదు.

మీ నాలుగో తారీఖు ఉత్తరం హాస్టలుకి ఎనిమిదిన వచ్చింది. శుక్రవారం సాయంత్రం హైమవతి గారు నాకిచ్చిన చీటీ మాత్రం ఇంతే: "మీ మావయ్య ఫోన్. రేపటినుంచి ఆఫీసుకి వెళ్ళొద్దు, హాస్టల్లోనే ఉండమన్నారు." పొగ మాట లేదు. ఆవిడ తప్పు కాదు, లైనులో వినబడలేదట. నేనేమనుకుని ఉంటానో మీకు తెలుసు. మీరు నేతన్ కోసం నన్ను మానిపిస్తున్నారనుకున్నాను. చీటీ చింపేశాను. శనివారం అందరికంటే ముందు వెళ్ళాను, ఎనిమిదిన్నరకే.

తొమ్మిదికి కరెంటు పోయింది. వాన. షట్టరు ఇంకా దించారు, జానెడు సందు. నేతన్ బల్ల మీద కొట్టి మమ్మల్నందరినీ చూడమన్నాడు. "ఇగ నేను ఆగ. సార్‌తోని మాట్లాడొస్త. మీరు గూడ బయటికి రండ్రి" అని పెద్ద అక్షరాలతో రాసి చూపించాడు. ఎవరూ లేవలేదు. నా వైపు చూశారు, అందరి తరఫునా రాసేది నేనే కదా. నేను తల అడ్డంగా ఊపాను. అతను ఒక్కడే షట్టరు కాస్త ఎత్తి దూరి వెళ్ళాడు. పైన క్యాబిన్ ముందు బెంచీ మీద కూర్చోబెట్టారు. రామ్మోహనరావు గారు మీటింగులో ఉన్నారు.

పదకొండింటికి జెనీఫర్ నాకొక చీటీ ఇచ్చింది. "తల పగిలిపోతుంది. పైకి పోదాం పా." దాని కిందే నేను రాశాను: "లంచ్ దాకా ఆగు. టార్గెట్ అయిపోనీ."

ఆమె ఆగింది మావయ్యా.

తర్వాత నాకు తెలిసింది తక్కువ. కాళ్ళ కింద అదురు ఉంది, తర్వాత కాళ్ళు లేవు. తెర మీద అంకెలు నీళ్ళలో ఉన్నట్టున్నాయి. నేతన్ వచ్చి షట్టరు ఎత్తి ఒక్కొక్కరినే ర్యాంపు మీదికి, వానలోకి ఈడ్చాడట. షట్టరుకి దగ్గరగా పడి ఉన్నదాన్ని ముందు తీశాడు, అంటే నన్ను. ప్లైవుడ్ పక్కనున్న జెనీఫర్‌ని చివర తీశాడు. అతను ఇప్పుడు బొమ్మలు గీయడం లేదు.

డాక్టరు నన్ను ఇంకో నెల చూడాలన్నారు. ఇక్కడే ఉంటాను. ఇన్‌స్పెక్టరు గారు హాస్టలుకి వచ్చారు. నా వాంగ్మూలం సెప్టెంబరు నాలుగున ఇవ్వాలి.

మంజూష

—

తణుకు
26 ఆగస్టు 2000

మంజూ,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

రామ్మోహన్ వచ్చాడు. మన వీధి అరుగు మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. సగం మనిషైపోయాడు. చెడ్డవాడు కాదు మంజూ, అది నీకూ తెలుసు. కంపెనీ లాయరు తయారుచేసిన కాగితం తెచ్చాడు. అందులో ఇలా ఉంది: పొగ ఎక్కువైందని గమనించి పైనుంచి సిబ్బంది కేకలు వేశారు, వారికి వినికిడి లేనందున బయటికి రాలేకపోయారు. ప్రమాదం, అంతే. ఎవరి మీదా కేసు ఉండదు. మిగతా నలుగురూ సంతకం పెట్టేశారట. నువ్వూ ఆ నేతనూ పెడితే అయిపోతుంది. పెడితే మీ ఆరుగురికీ పై హాల్లో కుర్చీలు. పెట్టకపోతే వాడు జైలుకి వెళ్తాడు, కంపెనీ మూస్తారు. ఇక ఈ ఊళ్ళో చెవిటివాళ్ళని గడప తొక్కనిచ్చేవాడెవడూ ఉండడు. "ఆదుకోబోయినందుకు నాకిది జరిగిందంటే ఇంకెవడు ముందుకొస్తాడురా బుచ్చీ?" అన్నాడు. 

పోయిన పిల్ల తిరిగి రాదు. నీకు బతుకుంది. సంతకం పెట్టమనే అంటున్నాను. 

అత్తయ్య నాతో మాట్లాడ్డం లేదు.

మావయ్య

—

మధురానగర్
3 సెప్టెంబరు 2000, ఆదివారం

మావయ్యా,

రామ్మోహనరావు గారు చెడ్డవారు కాదని నాకు తెలుసు. ఆసుపత్రికి వచ్చినప్పుడు నా కాళ్ళ దగ్గర నిలబడ్డారు, దగ్గరికి రాలేక. నన్ను ఉద్యోగంలోకి తీసుకున్న ఒకే ఒక్క మనిషి ఆయన. అది కూడా రాస్తాను.

కానీ ఎవరూ కేకలు వెయ్యలేదు. నేతన్ మెట్ల ఎదురుగా బెంచీ మీద రెండు గంటలకి పైగా కూర్చున్నాడు. ఒక్కరూ కిందికి దిగలేదు. దిగి అరిచినా, ఆ మోతలో వినబడేవాళ్ళకి మాత్రం వినబడి ఉండేదా? మమ్మల్ని అక్కడ కూర్చోబెట్టింది ఎందుకో ఆ కాగితంలో లేదు. చెవిటివాళ్ళం కాబట్టి అక్కడ పెట్టి, చెవిటివాళ్ళం కాబట్టి పోయాం అని సంతకం పెట్టమంటున్నారు. నేను పెట్టను. నేతనూ పెట్టడు.

ఇక మీదట మమ్మల్ని ఎవరూ తీసుకోరేమో. అది నిజమే కావచ్చు. రాత్రీ పగలూ అదే ఆలోచిస్తున్నాను. అమీర్‌పేట బోర్డులు చదువుకుంటూ నడుస్తుంటే ఇప్పుడు ఒక్క తలుపు కూడా నాదనిపించడం లేదు. అయినా ఆ డెబ్భై మంది రేపు ఎక్కడో కుర్చీలో కూర్చోవాలంటే, ఆ గదిలో ఏం జరిగిందో వాళ్ళకి తెలియాలి కదా.

మీ ఉత్తరాలన్నీ ఇన్‌స్పెక్టరు గారికి ఇస్తున్నాను. జూలై రెండోదీ, మొన్నటిదీ కూడా. మీ అనుమతి అడగడం లేదు, చెప్తున్నాను అంతే. నేను మీకు రాసినవి మీ దగ్గరున్నాయి. ఏ రోజున ఏ నొప్పి వచ్చిందో అన్నీ తారీఖులతో ఉన్నాయి వాటిలో. తెచ్చిస్తారో, పొయ్యిలో పెడతారో మీ ఇష్టం.

నా తరఫున మాట్లాడ్డానికి ఎవరినైనా తీసుకురమ్మన్నారు ఇన్‌స్పెక్టరు గారు. నేనే రాసిస్తానన్నాను. కంపెనీ లాయరు గారు మధ్యలో ఏదో అన్నారు, ఆయన పెదాలు నేను చదవలేదు.

జెనీఫర్ వాళ్ళమ్మ అమృతమ్మ గారు కూడా రేపు నేను వాంగ్మూలం ఇచ్చే చోటికి వస్తున్నారు. కంపెనీ గురించి ఆవిడ ఏమీ అడగడం లేదు. ఎవరు కనబడినా ఒక్కటే అడుగుతున్నారు: నా బిడ్డ బయటికి పోతనని ఎవరినన్న అడిగిందా అని. నలుగురూ తెలీదన్నారు. నేతన్ తల దించుకున్నాడు. ఆసుపత్రిలో నన్ను అడిగితే నిద్ర నటించాను.

రేపు ఆవిడ ముందే కూర్చుని రాస్తాను, ఆవిడకి కనబడేంత పెద్ద అక్షరాలతో. అడిగిందమ్మా. నన్నే అడిగింది.

మంజూష